పాలు మాన్పించిన మాట

మాది జనగామలో నూనెల దుకాణం. పల్లినూనె, పామాయిల్, వనస్పతి, నెయ్యి, అన్నీ హోల్‌సేల్. చిన్నప్పుడు మా ఇంటి గడప జిడ్డుగా ఉండేది, నా పుస్తకాల అట్టలూ జిడ్డుగానే ఉండేవి. అందుకేనేమో, కొవ్వు అనే మాటకు నేనెప్పుడూ భయపడలేదు. అది డబ్బాలో ఉండేది, మూత పెడితే ఊరుకునేది. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు కూడా నాకు బాగా నచ్చిన పాఠం కొవ్వులదే. ఆ మాట ఒక ఇంట్లోకి వెళ్ళి ఏం చేయగలదో ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదు నాది. ఇవి జుట్టు నెరిసి, పదవీ విరమణ చేసినవాళ్ళు రాసే సంగతులు. నాది విరమణ కూడా కాదు, కాంట్రాక్టు ముగిసింది. ఇప్పుడు మా దుకాణంలో బిల్లులు రాస్తున్నాను. మహబూబాబాద్‌లో నేను కూర్చున్న కుర్చీలోకి మాత్రం త్వరలో ఇంకో అమ్మాయి రాబోతోందని విన్నాను. ఆమెకూ, ఇలాంటి పనుల్లో చేరే ఆమె ఈడువాళ్ళకూ ఒక్క సంగతి చెప్పాలని ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి రాయగలనని అనుకుంటున్నాను.

ఎదుగుదల సరిగా లేని పసిపిల్లలను చూసే చిన్న కేంద్రం మాది, సర్కారు దవాఖాన వెనుక వరండాలో. రోజూ పొద్దున జనగామలో రైలెక్కి వెళ్ళేదాన్ని. పిల్లల బరువు తూచడం, తల చుట్టుకొలత తీయడం, రక్తం సీసాలను ఐసు పెట్టెలో సర్ది హైదరాబాద్ పంపడం, ఫలితం వచ్చాక ఇంటివాళ్ళకు ఫోన్ చేసి రమ్మనడం నా పని. వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని కాదు. ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మాట్లాడే పని డాక్టరుగారిది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తనివారు, ప్రతి మాటకూ 'అండీ' తగిలించేవారు. మా ఇద్దరి మధ్య పెద్ద నర్సు ఉండేది. భూపాలపల్లి ఆమెది. తండ్రి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె నోటికి అడ్డు ఉండేది కాదు.

"సార్ మాట్లాడితె సినిమల హీరో మాట్లాడినట్టుంటది. గీ పిల్ల మాట్లాడితె మూగ సినిమ," అనేది నన్ను చూపించి. డాక్టరుగారు నవ్వేవారు. నేను రిజిస్టరులో తల దూర్చేదాన్ని.

ఒక చలికాలం పొద్దున దూరపు తండా నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇరవై దాటీ దాటని తల్లి, ఆమె భర్త, అత్త. తల్లి ఒడిలో ఏడాది దాటిన పాప. పెద్ద కళ్ళు, తెల్లటి నవ్వు. ఆరో నెలలో బోర్లా పడిందట, కూర్చోబోయిందట. తరువాత ఆ రెండూ మరిచిపోయిందట. ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు గానీ నాయనమ్మకు తెలుగు ధారాళంగా వచ్చు. మిర్చి కమీషన్ దుకాణాల్లో బేరమాడి నేర్చుకున్న తెలుగు.

"మెడ నిలుపుతలేదు సార్, కూసుంటలేదు," అందామె. "గని చెవులు మాత్రం మస్తు చురుకు దీనికి. పక్కింట్ల గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడతది. పిల్లి నడిచినా ఎరుకైతది. దీని ఈడు పిల్లలెవ్వలకు లేవు గసొంటి చెవులు."

తండ్రి ముఖంలో చిన్న గర్వం కనిపించింది. అన్నీ పోయినా మిగిలింది ఒకటి ఉందన్న గర్వం.

డాక్టరుగారు వేలితో బల్ల మీద మెల్లగా తట్టారు. పాప చేతులు రెండూ గాల్లోకి విసిరింది. మళ్ళీ తట్టారు. మళ్ళీ అంతే. మామూలు పిల్లలు రెండు మూడుసార్లకు ఆ చప్పుడుకు అలవాటు పడతారు. ఈ పాప ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఉలిక్కిపడింది. ఆయన తట్టడం ఆపి, కిటికీ పరదా వేసి, పాప కంటిలోకి లైటు వేసి చాలాసేపు చూశారు. లోపల మెదడు జబ్బుకు గుర్తయిన ఎర్రటి చుక్క ఉందని తరువాత నాతో చెప్పారు. అప్పుడు మాత్రం రక్తపరీక్ష రాసిచ్చి, "ఫలితం రాగానే పిలుస్తామండీ," అన్నారు.

వాళ్ళు వెళ్ళాక నర్సు అడిగింది. "ఏంది సార్, చెవులు గంత మంచిగుంటె?"

"అది చెవుల చురుకు కాదండీ. జబ్బులో భాగం."

ఫలితం వచ్చిన రోజున ముగ్గురూ మళ్ళీ వచ్చారు. డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని, వీలైనంత తేలిక మాటలతో చెప్పారు. ఆయన తొందరపడలేదు, దాచలేదు. ఆ రోజు ఆయన్ను తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు, ఇప్పటికీ పెద్దగా కనిపించదు.

"పాప మెదడు కణాల్లో ఒకరకం కొవ్వు పేరుకుపోతోందమ్మా. దాన్ని కరిగించే రసం పాపకి పుట్టుకతోనే లేదు."

"కొవ్వా సార్?" అన్నాడు తండ్రి. "గింత బక్కపిల్లకా?"

"ఈ కొవ్వు వేరండీ," అన్నారు డాక్టరుగారు.

ఆ మాట మేమందరం విన్నాం. వాళ్ళు మాత్రం దాన్ని పట్టుకోలేదు. అప్పటికే తండ్రి తరువాతి ప్రశ్న అడుగుతున్నాడు.

"మందు?"

"లేదండీ. ఎక్కడికి తీసుకెళ్ళినా లేదు. మూర్ఛలు వస్తే తగ్గించడానికి, నొప్పి లేకుండా చూడటానికి మందులిస్తాం. నాలుగో ఏడు చూడటం కష్టం."

భార్యాభర్తలు మేనబావ, మేనమరదలు. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉందనీ, మళ్ళీ గర్భం వస్తే మొదటి నెలల్లోనే వచ్చి పరీక్ష చేయించుకోవాలనీ కూడా చెప్పారు. తండ్రి తల ఊపాడు. నాయనమ్మ పెదవులు బిగించింది. తల్లి మాత్రం డాక్టరుగారి వైపు చూడలేదు, నా వైపు చూసింది. గదిలో దాదాపు తన ఈడు ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేనేమైనా వేరే చెబుతానేమో అన్నట్టు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను.

ఇక్కడ ఆ కొవ్వు గురించి కాస్త చెప్పాలి. వాటిని స్ఫింగోలిపిడ్లు అంటారు. మొదట మెదడులోంచి వాటిని వేరు చేసిన శాస్త్రవేత్త, అవి ఏమిటో తనకు అంతుపట్టక, పొడుపుకథ వేసి విప్పలేనివాళ్ళను చంపే గ్రీకు పురాణపు సింహనారి స్ఫింక్స్ పేరు పెట్టాడట. చదువుకునేటప్పుడు ఆ కథ నాకెంతో ముచ్చటగా ఉండేది. ఇవి వంటకు పనికొచ్చేవి కావు, పొట్టకు పట్టేవీ కావు. ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొరలో ఉంటాయి. నరాల తొడుగులో ఉంటాయి. చర్మం పై పొరలో ఉండి ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపుతాయి. ఒక కణం పెరగాలా, చావాలా అన్న కబురు మోసేవాటిలో కూడా ఇవి ఉన్నాయి. ఇవి లేకపోతే మనిషే లేడు. అయితే పాతబడ్డవాటిని ఎప్పటికప్పుడు విడగొట్టాలి. ఆ పనికి కణం లోపల చిన్న చిన్న సంచులున్నాయి, వాటిలో రకరకాల ఎంజైములున్నాయి. వాటిలో ఒక్కటి లేకపోయినా సంచులు నిండుతూ పోతాయి. ఏది లేదన్నదాన్ని బట్టి జబ్బు మారుతుంది. ఒకదానిలో ప్లీహం ఉబ్బుతుంది, ఒకదానిలో నరాల తొడుగు ఊడిపోతుంది. కొన్నిటికి ఇప్పుడు చికిత్స ఉంది. పాపకు వచ్చినదానిలో మెదడు కణాలు ఉబ్బి, నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. ఆ జబ్బుకు ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారు. ఆ పేరు తండాలో ఎవరి నోటా రాలేదు. తండాకు చేరిన మాట ఒక్కటే, కొవ్వు.

రెండో వారం తిరగకుండానే ఆ తండా ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. ఆమెదీ అదే తండా. నర్సు స్పీకర్ పెట్టింది.

"అక్కా, గా పిల్ల తల్లికి జరం వచ్చింది. రొమ్ములు గడ్డలు కట్టినయ్. పాలు బంద్ చేసి, గుడ్డ గట్టిగ కట్టుకున్నది."

"ఎందుకు బంద్ చేసిందే? మల్ల నెల తప్పిందా?"

"కాదక్కా. మీ సారే చెప్పిండట గద, పిల్ల మెదడుల కొవ్వున్నదని. పాలల్ల కొవ్వుంటది, గందుకే ముసలామె మాన్పించింది. పిల్లకు పల్చటి గంజి పోస్తున్నరు. నూనె లేదు, నెయ్యి లేదు, పల్లీలు లేవు. తల్లి కూడ ఉత్త జొన్న గటకనే తింటుంది."

నర్సు ఫోన్ పెట్టేసింది. డాక్టరుగారు ఆ వారం హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్ళారు.

"జరానికి గోళీలు చెప్త. వేడి గుడ్డ కాపడం పెట్టుమంట," అంది నాతో. "మిగిలింది ఇడిసిపెట్టు."

"వెళ్ళి చెప్పాలి కదా అక్కా," అన్నాను.

"ఏం చెప్తవ్?"

"పాలు ఇవ్వొచ్చని."

ఆమె నా వైపు తిరిగింది. "జర ఆలోచించు పిల్లా. మనం ఏం మందు లేదని పంపినం. వాళ్ళకు వాళ్ళే ఒక మందు కనిపెట్టుకున్నరు. పాలు మానితె కొవ్వు కరుగుతది, పిల్ల లేస్తది అని కూసున్నరు. నువ్వు పోయి గదీ గుంజుకుంటవా?"

తప్పును సరిదిద్దడమంటే మంచి పనే అని అప్పటిదాకా అనుకున్నాను. ఆ తప్పు ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ఆశ అయి కూర్చుందని ఆమె చెబితే గానీ నాకు తట్టలేదు. అయినా కళ్ళు మూస్తే గంజి తాగుతున్న పాపే కనిపిస్తోంది. ఉన్న కొద్దికాలమూ ఆకలితో, తల్లి ఒడికి దూరంగా.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "నేను అన్న మాటే అది. నేనే వెళ్ళాలి, కానీ నేను వచ్చేసరికి పాలు ఇంకిపోతాయి. మీరు వెళ్ళండి. తల్లి మిమ్మల్ని చూస్తూ ఉంది ఆ రోజు, నేను గమనించాను," అన్నారు.

నర్సు నా ముఖం చూసి చెప్పులు వేసుకుంది. "పా. నువ్వు నోరు తెరిచేసరికి పొద్దుగూకుతది. నేనొస్త."

మిర్చి ఆరబోసే రోజులవి. ఆటో తండాలోకి తిరగగానే కళ్ళాలన్నీ ఎర్రగా ఉన్నాయి, ఘాటుకు మా ఇద్దరికీ దగ్గు తెరలు వచ్చాయి. వాళ్ళ ఇంటి దగ్గర మాత్రం వింత నిశ్శబ్దం. తలుపు గొళ్ళానికి గుడ్డ చుట్టి ఉంది. కోళ్ళను పక్కింటికి తోలేశారు. గిన్నెలన్నీ గోనెసంచి మీద బోర్లించి ఉన్నాయి. పాప ఉలిక్కిపడకుండా చేసిన ఏర్పాట్లు అవి. మా దగ్గుకు లోపల పాప ఉలిక్కిపడి మంచం కిర్రుమనడం వినబడింది, తల్లి 'ష్ ష్' అనడం కూడా.

నర్సు ముందు తల్లిని చూసింది. కొంగు కింద రొమ్ముల మీద బిగించిన గుడ్డ, దాని అంచులు తడి. నర్సు నీళ్ళు కాచమంది, ఆశా కార్యకర్త పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పాప మంచంలో ఉంది. చెంపలు దిగిపోయాయి. నాయనమ్మ వచ్చి మా ఎదురుగా గడప మీద కూర్చుంది. తండ్రి ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

నేను మొదలుపెట్టాను. గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగ చెప్పు బిడ్డా, నాకేం పిల్ల లెక్క చెవులు లేవు," అంది నాయనమ్మ.

"పాలతోటి వచ్చిన జబ్బు కాదు అవ్వా. పాలు ఇయ్యాలె."

"సారేమన్నడు? కొవ్వున్నదన్నడా, లేదా?"

"అన్నడు."

"పాలల్ల కొవ్వు లేదా? కాగబెడితె మీగడ రాదా? చిలికితె వెన్న రాదా?"

"వస్తది."

"మరి?"

లేదని ఒక్క అబద్ధం చెబితే అక్కడితో అయిపోయేది. నిజమేమిటంటే తల్లి పాలలో మామూలు కొవ్వుతో పాటు ఆ సింహనారి కొవ్వులూ కొద్దిగా ఉంటాయి. ఎదిగే పిల్లల నరాలకు అవి మంచివని పుస్తకాల్లో చదివాను. ఆమె ప్రశ్న తప్పు కాదు.

"పాలల్ల ఉన్నది కడుపులనే అరుగుతది అవ్వా," అన్నాను. "మెదడుల ఉన్నది తిన్నది కాదు, తాగింది కాదు. మెదడే చేసుకుంటది. నీ మెదడు, నా మెదడు గూడ చేసుకుంటయి, పాతదాన్ని ఎప్పటికప్పుడు తీసేసుకుంటయి. పాప మెదడుకు తీసేసుడు రాదు. గంతే. ఏం తిన్నా, తినకున్నా అది చేసుకుంటనే ఉంటది."

నాయనమ్మ వాళ్ళ భాషలో కొడుకుతో ఏదో అంది.

"పాలు మానినంక తగ్గిందా అవ్వా?" అంది నర్సు, కాపడం పెడుతూనే, మెల్లగా.

నాయనమ్మ మంచంలోని పాప వైపు చూసి, "తగ్గలే," అంది. "ఇంగో నెల చూద్దమనుకున్న."

తల్లి నా వైపు తిరిగింది. ఇప్పుడు నన్నే అడిగింది.

"పాలిస్తె బతుకుతదా అక్కా?"

నర్సు చేతిలో గుడ్డ ఆగింది. ఆ ఒక్క క్షణం ఆమె నన్ను ఆపుతుందేమోనని చూశాను. ఆపలేదు.

"బతకది చెల్లె," అన్నాను.

"ఇయ్యకపోతె?"

"ఇయ్యకపోయినా అంతే. పాలతోటి జబ్బు పెరగది, తగ్గది. ఆకలి తీరుతది. నీ దగ్గరుంటది."

ఎవరూ ఏడవలేదు. నాయనమ్మ లేచి మిర్చి కళ్ళంలోకి నడిచి వెళ్ళింది. వెళుతూ వాళ్ళ భాషలో ఒక మాట అంది. దాని అర్థం ఆశా కార్యకర్తను అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపి పొయ్యి వైపు తిరిగింది.

"అయితె ఇస్త," అంది తల్లి.

గుడ్డ విప్పి పాపను ఎత్తుకుంది. పాపకు చీకడం సరిగా రావడం లేదు. మింగడం కూడా ఆ జబ్బు మెల్లగా తీసేసుకుంటుంది. పాలు పెదవి పక్క నుంచి కారి మెడ కిందికి జారుతున్నాయి. నర్సు పాప తలను కాస్త ఎత్తి, గడ్డం కింద వేలు పెట్టి ఎలా పట్టుకోవాలో చూపించింది. కాసేపటికి గుటక వేసిన చప్పుడు వినబడింది. తండ్రి బయటికి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు నర్సు ఆటోలో తనంతట తానే అంది. "మా నాయిన బాయిల ఉన్నప్పుడు లోపల పైకప్పు కూలితె, మా అమ్మ గేటు ముంగట నిలబడేది. మస్తుమంది ఏం చెప్పకపోదురు. ఎవ్వడన్న చెప్తె వాన్నే తిట్టేది. చెప్పకుండ పోయినోల్లతోటి మంచిగనే మాట్లాడేది." నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు తిట్లు తినే ఉద్యోగంల చేరినవ్ పిల్లా. జీతం పెంచుమను."

డాక్టరుగారు తిరిగి వచ్చాక ఆ కొవ్వుకు వేరే మాట వెతకడానికి ముగ్గురం కూర్చున్నాం. జిడ్డు అంటే మురికి అనుకుంటారు. పదార్థం అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చెత్త అందామని నేనంటే నర్సు మండిపడింది, "ఎవ్వల పిల్ల తలకాయల చెత్త?" అని. మాట దొరకలేదు. ఆ తరువాత డాక్టరుగారు ఇలాంటి కబురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, జబ్బు ఏమిటో చెప్పకముందే, "ఇది పాల వల్ల కాదు, తిండి వల్ల కాదు, మీరు చేసిన దేని వల్లా కాదు," అని మొదలుపెట్టేవారు. చెప్పడం అయ్యాక, "ఇంటికి వెళ్ళి ఏం చేస్తారమ్మా?" అని అడిగేవారు. కుర్చీలోకి రాబోయే చెల్లెలా, ఈ రెండోది మరిచిపోవద్దు. మనం ఏం చెప్పామన్నది కాదు, వాళ్ళు ఏం పట్టుకెళ్ళారన్నది అప్పుడే తెలుస్తుంది. అదీ ఎప్పుడూ కాదు.

సరైన మాట చెప్పినందుకు నాకు ఊరట కలిగిందని అనుకోవద్దు. ఆ ఎండాకాలమంతా రైలు కిటికీ పక్కన కూర్చుని, నేను వెళ్ళకుండా ఉండాల్సిందా అని ఆలోచించాను. కొన్ని రోజులు ఒక జవాబు, కొన్ని రోజులు ఇంకొకటి. నాయనమ్మ అన్న మాట ఏమై ఉంటుందో ఊహించుకునేదాన్ని. ఊహించినవన్నీ నాకు తగినవిగానే అనిపించేవి.

వానలు పడి మళ్ళీ మిర్చి నారు పోసే కాలానికి పాప పోయింది. చివర్లో ముక్కు గొట్టం పెట్టాల్సి వచ్చిందనీ, తల్లి పాలు పిండి గొట్టంలోనే పోసేదనీ ఆశా కార్యకర్త చెప్పింది. నర్సు ఆ రోజు ఎవరినీ ఎగతాళి చేయలేదు.

తరువాత కొన్నాళ్ళకు ఆ తల్లి ఒక్కతే మా వరండాకు వచ్చింది. ఆడపడుచు కాన్పుకు తోడు వచ్చిందట, కాసేపు ఇటు వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నీళ్ళు ఇచ్చాను. ఆమె తాగి గ్లాసు కింద పెట్టింది, చప్పుడు కాకుండా. ఆ అలవాటు ఇంకా పోలేదు.

"నువ్వు రాకముందు నాకు ఆశ ఉండె అక్కా," అంది. "ఇంగో నెలకు లేస్తది, ఇంగో నెలకు లేస్తది అని. నువ్వొచ్చినంక అది పోయింది. మస్తు కోపమొచ్చింది నీ మీద."

"తెలుసు," అన్నాను.

"గని పిల్ల నా ఒళ్ళె ఉండె."

తూకం మీద ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఆమె ఆ వైపు చూస్తూ ఉండిపోయింది.

"గసొంటి పిల్లలు మల్ల వస్తరా?"

"ఎప్పుడన్న ఒకరు వస్తరు."

"వాళ్ళ తల్లులకు గూడ గిట్లనే చెప్తవా?"

"చెప్తం."

ఆమె లేచి కొంగు సర్దుకుంది. ఆడపడుచు వార్డు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"జర నిమ్మళంగ చెప్పుండ్రి," అంది.